తొమ్మిది లీటర్ల పప్పు

లింగాల మండలంలోని ఒక చిన్న ఊరి బడి. మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలు పళ్లేలు కడుక్కుని వరండాలో వరుసగా కూర్చుంటారు. చిన్న తరగతులకు ముందు, ఏడో తరగతికి చివర వడ్డిస్తారు. వండేది సాయమ్మ, వడ్డించేది జంగమ్మ. ఇద్దరూ అక్కడ ఏళ్లుగా పనిచేస్తున్నవాళ్లే. కానీ ఈసారి వేసవి సెలవుల తర్వాత బడి తెరిచినప్పటి నుంచీ ఏడో తరగతి దాకా వచ్చేసరికి పప్పు అయిపోతోంది.

ఏడో తరగతి హరీష్ ఈ సంగతి ఇంట్లో చెప్పాడు. వాళ్ల నాయనమ్మ లక్ష్మీదేవమ్మ బడి కమిటీకి పెద్ద. మరునాడే ఆమె లెక్కల సారు ప్రేమ్ కుమార్‌ను నిలదీసింది.

"పప్పు నేనే తూచి ఇస్తున్నానమ్మా. తక్కువ లేదు" అన్నాడు ఆయన.

"మరి ఏడికి పోతుంది సార్?"

ఇద్దరూ వంటగది వైపు చూశారు. బయట జంగమ్మ బియ్యం కడుగుతోంది. లోపల సాయమ్మ పప్పు తిప్పుతోంది. ఇద్దరి చూపూ సాయమ్మ మీదే ఆగింది. ఎందుకు ఆగిందో తమను తాము ప్రశ్నించుకోలేదు. జంగమ్మ లక్ష్మీదేవమ్మ వాడకట్టు మనిషి. సాయమ్మ ఊరి చివర చర్చి పక్కన ఉంటుంది. తరతరాలుగా కూలికీ వలసకూ పోయిన కుటుంబం.

ఆ సాయంత్రం గేటు దగ్గర లక్ష్మీదేవమ్మ ఆమెను ఆపింది.

"సాయమ్మా, సంచి చూపియ్."

"ఏందమ్మా కొత్తగ?"

"కొత్తనో పాతనో, చూపియ్."

సంచిలో ఒక తువ్వాల, ఖాళీ టిఫిన్ డబ్బా, వక్కల పొట్లం ఉన్నాయి. లక్ష్మీదేవమ్మ డబ్బా మూత తీసి వాసన కూడా చూసింది.

తర్వాత రోజూ అదే జరిగింది. ఏమీ దొరకనప్పుడు అనుమానం తగ్గాలి. తగ్గలేదు, ఇంకా పెరిగింది. "తెలివిగ దాస్తుంది" అన్నారు. ఆమె భర్త ప్రభుదాసు కట్టెల మోపు దించడానికి వస్తే, "కట్టెలకొస్తుండా, పప్పుకొస్తుండా?" అని గుసగుసలాడుకున్నారు. ప్రేమ్ కుమార్ కూడా కిటికీలోంచి వంటగదిని గమనించడం మొదలుపెట్టాడు. ఆమె చీర కొంగు సర్దుకున్నా ఆయనకు అందులో ఏదో ఉన్నట్టే అనిపించేది. "గంటె నిండ పెట్టు, ఏమన్న మిగిలితేనే గద దొంగతనం" అని లక్ష్మీదేవమ్మ జంగమ్మకు గట్టిగా చెప్పింది.

సాయమ్మ మనవరాలు శిల్ప అదే బడిలో అయిదో తరగతి. పక్కన కూర్చునే పిల్లలు ఆ పిల్లకు దూరం జరిగారు. పప్పు గిన్నె దగ్గరికి రాగానే శిల్ప పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టేది. "నాకొద్దు" అని ఉప్పు నంజుకుని ఉత్త అన్నం తినేది. అది చూసి సాయమ్మ పొయ్యి వైపు తిరిగిపోయేది.

ఒక రోజు ఏడో తరగతికి భిన్నాల భాగహారం చెబుతున్నాడు ప్రేమ్ కుమార్. బోర్డు మీది అంకెలు పిల్లలకు ఎక్కడం లేదు. ఆయన వంటగది నుంచి గంటె తెప్పించి, లీటరు సీసాలో నీళ్లు కొలిపించాడు. ఆరు గంటెలకు సీసా నిండింది.

"అంటే గంటెకు లీటరులో ఆరో వంతు. మన గిన్నెలో పప్పు తొమ్మిది లీటర్లు. ఎన్ని గంటెలొస్తాయి? తొమ్మిదిని ఆరో వంతుతో భాగించండి."

"యాభై నాలుగు సార్" అన్నాడు హరీష్. వెంటనే వాడికే అనుమానం వచ్చింది. "భాగిస్తే తగ్గాలె గద సార్, గిట్ల పెరిగిందేంది?"

"తొమ్మిదిని ఆరుగురికి పంచడం లేదు మనం. తొమ్మిదిలో ఆరో వంతు ముక్కలు ఎన్నున్నాయని అడుగుతున్నాం. ఒక్కో లీటరులో ఆరు. తొమ్మిది లీటర్లలో యాభై నాలుగు."

శ్రీజ లేచి నిలబడింది. "సార్, బడిల మేం డెబ్బై మందిమి ఉన్నం గద?"

ప్రేమ్ కుమార్ చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. పాత గంటె కాడ విరిగితే, సెలవుల్లో అచ్చంపేట నుంచి ఈ గంటె కొని తెచ్చింది తనే. సామాన్ల గదిలో వెతికి పాత గంటె తీసి, అదే సీసాలో కొలిచాడు. ఎనిమిది పట్టాయి. గంటెకు అరపావు. తొమ్మిదిని ఎనిమిదో వంతుతో భాగిస్తే డెబ్బై రెండు. అందుకే అప్పుడు అందరికీ అందేది. పప్పును ఎవరూ ఎత్తుకుపోలేదు. అది పిల్లల పళ్లేల్లోకే పోయింది, కొందరికి కొంచెం ఎక్కువగా.

లక్ష్మీదేవమ్మను పిలిపించి రెండు గంటెలతోనూ కొలిచి చూపించాడు. ఆమె రెండు గంటెలనూ చేతిలోకి తీసుకుని పక్కపక్కన పెట్టి చూసింది.

"సరే సార్, గంటె మారుద్దం. అయిపాయె గద" అంది చివరికి.

"అయిపోలేదమ్మా. ఆమెకు చెప్పాలి. తప్పు నాదీ ఉంది."

ఇద్దరూ వంటగదికి వెళ్లారు. ప్రేమ్ కుమార్ జరిగినదంతా చెప్పాడు. సాయమ్మ పొయ్యిలో కట్టె వెనక్కి లాగి, చేతులు తుడుచుకుని విన్నది.

"లెక్క తేలింది, సంతోషం సార్" అంది. "గని ఒక్క మాట అడుగుత. పప్పు ఇద్దరం ముడుతం. గేట్లకెల్లి ఇద్దరం పోతం. జంగమ్మ సంచి ఒక్కనాడన్న ఎందుకు చూడలే?"

గుమ్మంలో ఉన్న జంగమ్మ తల దించుకుంది.

మరునాడు భోజనాల వేళ లక్ష్మీదేవమ్మ వరండాలో పిల్లలందరి ముందు నిలబడింది. "సాయమ్మ ఏం తియ్యలేదు. లెక్క తెల్వక మేమే ఆమెను దొంగను చేసినం. తప్పు మాది" అంది. తర్వాత తనే పప్పు గిన్నె పట్టుకుని శిల్ప ముందు వంగింది. ఆ పిల్ల వాళ్ల అవ్వ వైపు చూసింది. సాయమ్మ తల ఊపాక గానీ పళ్లెం మీది చెయ్యి తియ్యలేదు.

ప్రేమ్ కుమార్ ఆ రోజు ఏడో తరగతి పిల్లలతో అన్న మాట మనమందరం వినవలసినదే: "లెక్క తప్పితే దిద్దుకోవచ్చు. కానీ లెక్క చెయ్యకముందే ఫలానా వాడ మనిషి కాబట్టి దొంగే అయ్యుంటుందని అనుకోవడం లెక్క తప్పడం కాదు, మన బుద్ధి తప్పడం."