పద్నాలుగు వందల మోటార్లు

గురువారం సాయంత్రం అన్నం వడ్డిస్తూ చెప్పింది గ్లోరీ. కుప్పంలో ఆడపిల్లల హాస్టలుకి వార్డెన్ కావాలట. ఉండటం, తినడం అన్నీ అక్కడే. ఆదివారం సాయంత్రంలోపల అవుననో కాదనో చెప్పమన్నారట.

"కాదని చెప్పు," అన్నాను.

"యాల?"

యాల అంటే ఏం చెప్పేది? పెళ్ళయి ఇరవై ఐదేళ్ళు. పెళ్ళాం ఇంట్లో ఉండాలని కారణాలు రాసిపెట్టుకుంటారా ఎవరైనా? నేను మదనపల్లెలో బోరు మోటార్లు వైండింగ్ చేస్తాను. ఏడో తరగతిలో బడి మానేసి రాగితీగ పట్టుకున్నవాడిని, ఇంతవరకూ వదల్లేదు. ఎండాకాలంలో మా చుట్టుపక్కల బోర్లలో నీళ్ళు అడుక్కి పోతాయి, మోటార్లు కాలతాయి, రైతులు నా నెత్తిన కూర్చుంటారు. ఇదేమీ ఆమెకు తెలియనిది కాదు.

"దినానికి నువ్వు నాతో మాట్లాడేది మూడు మాటలు," అంది. "అన్నం పెట్టు, షాపు బీగాలు యాడ, గేటు ఎయ్యి. మన బిడ్డ నిఖిత పెండ్లయి బెంగుళూరికి పోయినప్పటినుంచి ఆ మూడు మాటలకే ఈ ఇంట్లో ఉండాను నేను. శని, ఆదివారం రెండు దినాలు నాతో కుప్పం రా. ఊరూ సూసినట్టుంటాది. మోటార్ లేదు, ఫోన్ లేదు. ఊరికే నా పక్కన ఉండు. అది నీకు చేతనైతే నేను యాడికీ పోను. చేతకాకపోతే వాళ్ళకి సరే అని చెప్తా."

కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా చెప్పింది. అరిచి ఉంటే నేనూ అరిచేవాడిని, అంతటితో పోయేది.

"రెండు దినాలు ఊరికే కూచోను నేనేమన్నా పింఛను తీసుకునేవాడినా?" అన్నాను. అయినా శనివారం పొద్దున ఆరింటికి బండి తీశాను.

పుంగనూరులో ఇడ్లీ తిన్నాం. అది గ్లోరీ పుట్టిన ఊరు. వాళ్ళ నాయన జోనాథన్ పోయాక అక్కడ మాకు ఎవరూ లేరు. హోటల్లో బల్లకి అటు ఆమె, ఇటు నేను. ఫోన్ ఆపేయమని చెప్పింది కదా. నేను సైలెంట్‌లో పెట్టాను, ఆపలేదు.

"ఏమయ్యా, నీ జేబు వణకతాండాది."

"చలికి."

"మే నెలలోనా?"

ఆమె నవ్వింది. నేను చెయ్యి కడుక్కోవడానికి లేచి, కొళాయి దగ్గర చూసుకున్నాను. పెద్దతిప్పసముద్రం గోవిందప్ప, నాలుగుసార్లు. రెండెకరాల టమోటా పెట్టుకున్నాడు. మోటార్ నా షాపులో విప్పి ఉంది. సోమవారం అని చెప్పి వచ్చాను, అయినా మనిషి ఆగడు. పలమనేరు దాటినా, వి.కోట దాటినా జేబులో ఆ తేనెటీగ తిరుగుతూనే ఉంది. వెనక గ్లోరీ దారిపొడుగునా మామిడితోటలు చూపిస్తూ ఏదో చెబుతోంది. నేను 'ఊ' కొట్టాను. ఏం చెప్పిందో ఇప్పుడు అడిగితే ఒక్క ముక్క చెప్పలేను.

పదిన్నరకి కుప్పం చేరాం. స్టేషన్‌కి దగ్గరగా ఒక లాడ్జి. కౌంటర్లో కూర్చున్నవాడి పేరు మునిచంద్ర అని గోడమీద ఫొటో కింద రాసి ఉంది. ముప్పై ఐదేళ్ళుంటాయి. మా ఆధార్ కార్డులు తీసుకుని, నన్ను చూశాడు, గ్లోరీని చూశాడు. నుదుట బొట్టు లేదు, మెడలో తాళి లేదు, కాళ్ళకు మెట్టెలు లేవు. మా చర్చి సంఘంలో ఉంగరాలు మార్చుకుంటాం, అంతే. గ్లోరీ ఉంగరం సన్నది, వంటపనికి అరిగిపోయింది. నాది పెట్టెలో ఉంది. కరెంటు పని చేసేవాడు వేలికి లోహం పెట్టుకోకూడదు. పెళ్ళయిన ఏడాదే తీసేశాను.

"ఈయమ్మ కార్డులో పుంగనూరు, తండ్రి జోనాథన్ అని ఉండాది. నీది మదనపల్లె," అన్నాడు మునిచంద్ర. "ఏ పని మీద వచ్చినారప్పా?"

"పనేమీ లేదు. రెండు దినాలు ఊరికే ఉండి పోదామని."

అదే నేను చేసిన తప్పు. పెళ్ళికనో చావుకనో చెప్పి ఉంటే తాళాలు ఇచ్చేవాడు. మా వయసులో మొగుడూ పెళ్ళాం పనిలేకుండా లాడ్జికి వస్తారని ఈ జిల్లాలో ఎవడు నమ్ముతాడు?

వాడు గొంతు తగ్గించాడు. "అప్పా, నీ తల నెరిసింది. ఈ వయసులో ఇట్లాంటి పన్లు యాల? మాది ఫ్యామిలీలు దిగే లాడ్జి."

నాకు ఒళ్ళు మండింది. "ఏందిరా నువ్వనేది? ఆమె నా పెండ్లాం!"

"కోపం వద్దప్పా. ఫోన్లో ఇద్దరూ ఉండే ఫొటో ఒకటి చూపించు, చాలు. ఇప్పుడు ఎవరికి లేదు?"

ఫోన్ తీశాను. కాలిన కాయిల్, మోటార్ నంబరు ప్లేటు, స్టార్టర్ పెట్టె, మళ్ళీ కాలిన కాయిల్. తీగ ఎన్ని చుట్లు, ఏ గేజి అని గుర్తుకోసం విప్పేముందు ప్రతి మోటారుకీ ఫొటో తీసుకుంటాను. వేలితో పైకి తోస్తూ పోయాను. పోయినేడు, అంతకుముందు ఏడు. మునిచంద్ర కౌంటర్ మీదికి వంగి నాతోపాటు చూస్తున్నాడు. గ్లోరీ కూడా చూస్తోంది. నిఖిత పెళ్ళి ఫొటోలు వస్తాయని నాకు ధైర్యం. వచ్చాయి. రెండు. రెండూ జనరేటర్‌వి. పెళ్ళిలో ఆగిపోతే నేనే బాగుచేశాను.

"పద్నాలుగు వందల ముప్పై ఫొటోలు," అన్నాడు మునిచంద్ర. "ఒక్క మనిషి లేడు కదప్పా."

నేను గ్లోరీ వైపు చూడలేదు. ఆమె చేతిసంచిలోంచి తన ఫోన్ తీసి, ఏదో వెతికి, కౌంటర్ మీద పెట్టింది. షాపులో బల్లమీద నేను. బనీను గ్రీజు మరకలు. నోరు తెరుచుకుని నిద్ర. ఒక చేతిలో స్క్రూడ్రైవర్, కడుపుమీద నేను తినని అన్నం క్యారియర్.

మునిచంద్ర ఫొటో చూశాడు, నన్ను చూశాడు, రిజిస్టర్ తెరిచాడు. "ఇట్లాంటి ఫొటో పెండ్లాం తప్ప ఎవరూ తియ్యరమ్మా. రెండో అంతస్తు, ఏడో నంబరు."

గది బాగానే ఉంది. కిటికీలోంచి పట్టాలు కనబడతాయి. ఫ్యాన్ వేస్తే కీచుమంది. బేరింగ్ పోయింది. గ్లోరీ దారిలో కొన్న బేనీషా మామిడిపండు కోసి కాగితం మీద పెట్టింది. "నాలుగింటికి స్టేషన్ కాడికి పోదాం. బెంచీమీద కూచుని టీ తాగతా రైళ్ళు సూద్దాం. పెండ్లయిన కొత్తలో తీసుకుపోతానన్నావు, గుర్తుండాదా?"

"ఊ."

మామిడి ముక్క తిన్నాను. కీచ్. మంచంమీద కూర్చున్నాను. కీచ్. కిటికీ దగ్గరికి వెళ్ళాను, వచ్చాను. చెప్పులు వేసుకున్నాను, విప్పాను. ఇంకా పన్నెండే. కూర్చుంటే కాళ్ళు ఆడుతున్నాయి, కాళ్ళు పట్టుకుంటే వేళ్ళు ఆడుతున్నాయి. బాత్‌రూంలోకి పోయి గోవిందప్పకి వాయిస్ మెసేజ్ పెట్టాను, సోమవారం, సోమవారం అని. బయటికి వస్తే గ్లోరీ అడిగింది, "ఎవరితో, ప్రార్థనా?"

రెండింటికి తలుపు కొట్టారు. మునిచంద్ర.

"అప్పా, ట్యాంకులో నీళ్ళు అయిపోయినాయి. మోటార్ వేస్తే టప్ మని ఆగిపోతాండాది. మెకానిక్ పెండ్లికి పోయినాడు. నీ ఫోన్లో అన్నీ మోటార్లే కదా, ఒక్కసారి సూస్తావా?"

నిజం చెప్పాలి. ఆ మాట వినగానే పొద్దుటినుంచి బిగుసుకున్న నా మెడ వదులైంది. గ్లోరీ వైపు తిరిగాను. ఆమె మామిడి టెంకను కాగితంలో చుడుతోంది.

"నీళ్ళు లేకుంటే నీకే కదా కష్టం," అన్నాను. "అర్ధగంట."

"నేనేమన్నా అన్నానా?"

స్టార్టర్ పెట్టెలో కెపాసిటర్ ఉబ్బిపోయి ఉంది. అది మారిస్తే చాలు. రెండు అంగళ్ళు తిరిగితే దొరికింది. అది వేయగానే నీళ్ళు పైకెక్కాయి. ఆ పెట్టెలో వైర్లు ఎవడో దరిద్రంగా బిగించి ఉన్నాడు, వాటినీ సరిచేశాను. లాడ్జివాళ్ళు చుట్టూ చేరారు, టీ వచ్చింది, ఒకాయన తన తోట మోటార్ గురించి అడిగాడు, నేను చెప్పాను. అందరూ 'భలే' అన్నారు. టైం చూస్తే ఐదుంపావు.

మెట్లు రెండేసి ఎక్కాను. గదికి తాళం. కింద కౌంటర్లో తాళంచెవి ఉంది.

"కొళాయిలో నీళ్ళు రాగానే స్నానం చేసి, నీలం చీర కట్టుకుని పోయిందప్పా," అన్నాడు మునిచంద్ర. "హాస్టలుకి దారి అడిగింది."

గదిలో కూర్చున్నాను. ఫోన్ వణికింది, తీయలేదు. చీకటి పడకముందే వచ్చింది. చెప్పులు విప్పి, సంచి మేకుకి తగిలించింది.

"సరే అని చెప్పినా. జూన్ ఒకటినుంచి."

"ఆదివారం సాయంత్రం దాకా గడువుండాది కదా!" అని అరిచాను. "అర్ధగంట పని ఆలస్యమైతే ఇంతదానికి..."

"మూడుంపావు గంటలు."

"నీళ్ళు ఎవరికోసం ఎక్కించినా? నువ్వు స్నానం చేసినావు కదా ఆ నీళ్ళతోనే!"

"చేసినా. బాగుండాయి." మంచం అంచున కూర్చుంది. "నేను కోపంతో చెప్పలేదయ్యా. కొళాయిలో నీళ్ళు వస్తానే అర్థమయింది. నువ్వు ఆడ ఎంత సంతోషంగా ఉంటావో పైనుంచి సూసినా. నవ్వతాండావు. నాకూ అట్లాంటి పని ఒకటి కావాల. ఆడ ఎనభై మంది పిల్లోళ్ళు ఉండారు."

"అయితే రేపు పొద్దున్నే పోదాం," అన్నాను.

"నువ్వు పో. నేను రెండు దినాలు అని వచ్చినా. రెండు దినాలు ఉంటా."

నేను పోలేదు. ఆదివారం పొద్దున మిద్దెపైకి ఎక్కాం. ట్యాంకు నీడలో గ్లోరీ బైబిల్ తెరిచి కొంచెంసేపు చదువుకుంది, తరువాత మూసి పట్టాలవైపు తిరిగింది. బెంగుళూరు నుంచి రైలు వస్తోంది. గాలికి ఆమె కొంగు లేస్తోంది. ఏమనిపించిందో, ఫోన్ తీసి ఆమెవైపు పట్టాను. నొక్కితే పడలేదు. జాగా లేదు, ఏవైనా తీసేయండి అని వచ్చింది.

"ఏమయింది?" అంది.

"నిండిపోయింది."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. వచ్చి పక్కన కూర్చుంది.

ఒకటి తీసేశాను. "ఇది ఎవరిది?" అని అడిగింది. చెప్పాను, పుంగనూరు పక్కన ఒక ముసలామెది, మోటార్ తెచ్చినప్పుడల్లా నాకు చింతచిగురు తెచ్చేది. "ఆ చిగురు నేను వండినా కదా! కొన్నానని చెప్పినావు?" ఇంకోటి తీసేశాను. ఇది బావిలో పడిన మోటార్, తీసేటప్పుడు తాడుతోపాటు నేనూ పడ్డాను. "ఎప్పుడు? నాకు చెప్పనే లేదే!" చెబితే తిడతావని. "ఇప్పుడు తిడతా, ఉండు." వీపుమీద ఒకటి వేసింది. ఇంకోటి, ఇంకోటి. అన్నీ ఒకేసారి తీసేసే దారి ఉందట, నిఖిత ఒకసారి చూపించింది. ఆ మాట నేను గ్లోరీకి చెప్పలేదు. ట్యాంకు నీడ జరిగితే మేమూ జరిగాం. మధ్యాహ్నానికి రెండువందలు దాటాయి. నాలుగు రైళ్ళు పోయాయి. నా కాళ్ళు ఆడుతున్నాయో లేదో నేను చూసుకోలేదు.

గోవిందప్ప మోటార్ వచ్చింది. వేలు ఆగింది.

"అది వద్దులే," అంది గ్లోరీ. "పాపం, ఆయప్ప టమోటా ఎండిపోతుంది."

"వద్దు," అన్నాను. "నువ్వు... ఆ హాస్టలు... వద్దంటే?"

ఆమె పట్టాలవైపు తిరిగింది. "ఈ మాట నిన్న మధ్యాహ్నం అని ఉంటే ఏం చేసేదాన్నో. ఇప్పుడు మాటిచ్చినానయ్యా."

తరువాత ఫొటో తీశాను. ఎండకి కళ్ళు చిట్లించింది, సరిగా రాలేదు. ఉంచాను.

మూడింటికి గది ఖాళీ చేశాం. మునిచంద్ర రిజిస్టర్ తిప్పుతూ అడిగాడు, "మళ్ళీ ఎప్పుడప్పా?"

"మీ ఏడో నంబరు ఫ్యాన్ బేరింగ్ పోయింది," అన్నాను. "ఆ సైజు ఈడ దొరకదు. నా షాపులో ఉండాది. వచ్చే శనివారం తెచ్చి వేస్తా."

"ఫ్యాన్ కోసం మదనపల్లె నుంచి వస్తావా?"

"వస్తే ఏం, దారి మీ అబ్బదా?" అని బయటికి వచ్చేశాను. గ్లోరీ బండి దగ్గర కొంగు తలచుట్టూ కప్పుకుంటోంది. విన్నదో లేదో తెలియలేదు.

పుంగనూరు దగ్గర జేబు మళ్ళీ వణికింది. నేను బండి ఆపేలోపలే వెనకనుంచి చెయ్యి వచ్చి ఫోన్ లాక్కుంది.

"గోవిందప్పన్నా, నేను గ్లోరీని... ఆ, రేపు పొద్దున్నే చేస్తాడు, కూచోబెట్టి చేయిస్తా. ఫొటో కూడా భద్రంగా ఉండాది... వచ్చే శనివారమా? లేదన్నా, శనాదివారాలు ఉండడు. కుప్పంలో ఫ్యాన్ బాగాలేదంట... ఏమో అన్నా, ఎన్ని వారాలు పడతాదో. ఆయన పని సంగతి నీకు తెలియందా, ఒక పట్టాన వదలడు."

ఫోన్ తిరిగి నా జేబులో వేసింది. చెయ్యి జేబులోనే ఉంచింది. నేను ఎదురుగా వస్తున్న లారీ డ్రైవర్ని ఊరికే నాలుగు తిట్లు తిట్టి, బండి ముందుకి పోనిచ్చాను.