మంగళవారం లెక్క

నొక్కినప్పుడల్లా ఒక అంకె పెరిగే చిన్న లెక్కయంత్రాన్ని హాల్వర్ కోటు జేబులోనే గుప్పిట పట్టి వెచ్చబెడుతున్నాడు. చలికి దాని మీట బిగుసుకుంటే బొటనవేలితో ఎంత నొక్కినా అంకె పడదు. ఒక ఏడాది అలాగే పడక, వంతెన దగ్గర బస్సెక్కిన ఒక మనిషి కౌంటీ కాగితాల్లో లేకుండా పోయాడు. ఆ మనిషి టోపీ రంగు హాల్వర్‌కి ఇప్పటికీ గుర్తే.

పొద్దుటి నుంచి ఇది ఏడో స్టాపు. ధాన్యం గాదెల పక్కన, గాలికి అడ్డంగా ఒక చెట్టైనా లేని చోట, ఒక ఇనుప స్తంభం, దానికో రేకు. బస్సు వచ్చేలోపు కారులో అడ్డదారిన వచ్చి, స్తంభానికి మూడడుగుల అవతల నిలబడటం, ఎక్కిన ప్రతి తలకూ ఒక నొక్కు నొక్కడం, అట్ట మీది కాగితంలో రాయడం. ఏటా అక్టోబరు రెండో మంగళవారం అతని పని ఇదే. మిగతా రోజుల్లో కూడళ్ల దగ్గర కార్లను లెక్కపెడతాడు. ఇరవై రెండేళ్లలో కుడి బొటనవేలు ఎడమదానికంటే లావైంది. రేపటి నుంచి ఆ వేలికి పని లేదు. పింఛను.

ఇక్కడ ఐదుగురు ఎక్కితే బస్ షెల్టర్ కట్టే పని కౌంటీ జాబితాలో పైకి వస్తుంది. ఏటా ఇద్దరే ఎక్కుతారు: బడిలో వంట చేసే ఆవిడ, వృద్ధాశ్రమంలో ఉన్న భార్యను చూడబోయే ఒక ముసలాయన. అందుకని ఆ పని పద్నాలుగో వరస నుంచి పంతొమ్మిదికి జారింది. మరో ముగ్గురున్నారు. వాళ్లు డయాలసిస్‌కి పోయేవాళ్లు. సోమ, బుధ, శుక్రవారాలే ఎక్కుతారు. మంగళవారం ఏ విశేషమూ లేని రోజని లెక్కకి ఎవరో ఎప్పుడో ఖాయం చేశారు. రోజు మార్చమని హాల్వర్ ఆఫీసులో మూడుసార్లు అడిగాడు.

"మారిస్తే పాత లెక్కలతో ఎలా పోలుస్తామయ్యా?" అన్నారు. అతను మళ్లీ అడగలేదు.

ఆ ముగ్గురిలో ఆర్డిస్ ఒకావిడ. పాత రంగు డబ్బా ఒకటి బోర్లించి, గుడ్డముక్కలు కలిపి కుట్టిన దిండు దాని మీద కట్టుకుని కూర్చునేది. బుధవారాల్లో అతను ఎదురుగా కూడలిలో కార్లను లెక్కపెడుతుంటే కేకేసేది.

"ఏమయ్యా పొడుగోడా! పోయే కార్లన్నీ లెక్కలోకొస్తాయి, గడ్డకట్టి కూచున్న నేను రానా?"

"మీరు రాంగ్ రోజు కూచున్నారమ్మా."

"నా మూత్రపిండాలకి ఆ మాట నువ్వే చెప్పు!"

పోయిన నెల ఆమె పెదవులు నీలంగా కనిపించాయి. హాల్వర్ రోడ్డు దాటి వెళ్లి, బూట్ల వంక చూస్తూ అన్నాడు: "రెండో మంగళవారం రండి, ముగ్గురూ. ఊరికే ఎక్కి దిగినా చాలు." అలా ముందుగా చెప్పకూడదని లెక్క కాగితం మీదే అచ్చయి ఉంది. తిరిగొస్తుంటే చెవులు కాలిపోయాయి.

పది దాటింది. వంటావిడ వచ్చింది. ముసలాయన వచ్చాడు. తర్వాత గాదెల మలుపులో ఆ డయాలసిస్ ముగ్గురిలో ఒకడైన మెర్లిన్ నడకకర్ర కనిపించింది, వెనకాల మూడోవాడు, అతని తమ్ముడు. ఇద్దరి ముఖాలూ పిండి చల్లినట్టున్నాయి. నిన్ననే సూదులు పొడిపించుకుని, ఇవాళ పడుకోవలసినవాళ్లు.

హాల్వర్ వాళ్ల వెనక్కి చూశాడు. రోడ్డు ఖాళీగా ఉంది.

"ఆర్డిస్ గారు?"

మెర్లిన్ ఊపిరి కూడదీసుకున్నాడు. "ఆదివారం పొద్దున పోయింది. కాఫీ పోసుకుంది, తాగలేదు." కర్ర మీదికి వాలి, "శుక్రవారం బస్సులో అంది, నేను రాకపోతే నా డబ్బాని లెక్కెట్టమను ఆ పొడుగోణ్ణి అని. అంతా నవ్వాం."

హాల్వర్ డబ్బా వంక చూశాడు. జేబులో బొటనవేలు మీట మీదే ఉంది. నొక్కలేదు.

బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు డార్లా తలుపు తెరిచింది. "ఏం హాల్వర్, ఆఖరి రోజైనా ఐదు పండాయా?"

ఒకటి, రెండు. మెర్లిన్ మెట్టెక్కడానికి చాలాసేపు పట్టింది. మూడు. తమ్ముడు, నాలుగు.

హాల్వర్ గడియారం చూశాడు. అట్ట మీది కాగితంలో టైము వేసి, 'డ్యూటీ దిగాను' అని రాసి సంతకం పెట్టాడు. కాగితాన్నీ లెక్కయంత్రాన్నీ డార్లా చేతికిచ్చాడు.

"ఇదేంటి?"

"లెక్కపెట్టేవాణ్ణి లెక్కలో కలపకూడదు. నేనిప్పుడు లెక్కపెట్టేవాణ్ణి కాదు."

"మిగతా స్టాపులు?"

"తలకొకటి నొక్కు. గట్టిగా నొక్కాలి, చలికి పట్టేస్తుంది."

"మరి నీ కారో?"

"ఉండనీ. మళ్లీ నీ బస్సులోనే వస్తాలే."

డార్లా అతని ముఖంలోకి చూసింది. హాల్వర్ మెట్టెక్కాడు. ఇరవై రెండేళ్లుగా లెక్కపెట్టిన బస్సు లోపల ఎలా ఉంటుందో హాల్వర్ ఎన్నడూ చూడలేదు. మోకాళ్లు ముందు సీటుకి తగిలాయి. డార్లా చేతిలో మీట టక్కుమంది. ఐదు.

బస్సు కదిలాక కిటికీలోంచి చూశాడు. స్తంభం కింద రంగు డబ్బా, దాని మీద దిండు. దిండు నడుమ పడ్డ గుంట ఇంకా పూడలేదు.