పచ్చ వైరు

మేము అరవ దేశంలో, సింగానల్లూరు మిల్లు లైనిళ్లలో ఉండేవాళ్ళం. ఇంట్లో మాత్రం తెలుగే. నా భార్య రక్కమ్మాళ్ మిల్లు గేటు పక్కన ఇడ్లీలు అమ్మేది. రుబ్బి రుబ్బి ఆమె కుడి భుజం చెడింది. ఇక రోలు ముట్టవద్దని డాక్టరు చెప్పాడు. కొట్టు మూతపడింది. ఆ చోటు తనకిమ్మని కరుప్పాయి అనే ఆమె వాచ్‌మన్ వెంట తిరుగుతూ ఉంది. రేపు పొద్దునకు ఇడ్లీ పొయ్యి వెలగకపోతే చోటు కరుప్పాయిదేనని వాచ్‌మన్ చెప్పి పంపాడు.

రక్కమ్మాళ్ తమ్ముడు అళగిరిసామి మిల్లులో ఫిట్టరు. కరెంటు పని మీద ఆశ ఎక్కువ. తన ఇంటికి కాలింగ్ బెల్లు తనే చేసుకున్నాడు. ఆ బెల్లు నొక్కినవాళ్ళు తరువాత తలుపు కూడా కొట్టాలి.

అక్క కోసం పాత ఇనుము కొట్లో ఒక మోటరు, కొంత వైరు కొన్నాడు. మా రోలు పక్కన చెక్క పలక వేసి, దాని మీద మోటరు బిగించి, నడుమ బెల్టు తగిలించాడు. రోలు తిరుగుతుందట, పొత్రం నిలిచి ఉంటుందట. వైరులో మూడు తీగలు. ఒకటి పసుపు రంగు, ఒకటి నలుపు, ఒకటి ఆకు రంగు. స్విచ్ పక్క పనంతా తనే చేశాడు. పసుపు దాంట్లో కరెంటు వస్తుంది. ఆకు రంగుది పెరట్లో పాతిన ఇనుప పైపుకు పోతుంది. మోటరు ఒంట్లోకి కరెంటు దిగితే ఆ తీగ దాన్ని మన్నులోకి లాక్కుపోతుందని, మనిషికి ఏమీ కాదని నాకు చెప్పాడు. నేను తల ఊపాను.

ఇంతలో మిల్లు సంగు, అదే సైరను, కూసింది. షిఫ్టుకు పరుగెత్తుతూ గడపలో నిలిచి చెప్పాడు.

"అక్కా, పచ్చది మోటరు ఒంటి బోల్టుకు చుట్టు. మిగిలిన రెండూ ఆ రెండు కొసలకు. నేను వచ్చి చూసేదాకా స్విచ్ మాత్రం ఎయ్యొద్దు."

మొదటి మాట రక్కమ్మాళ్ విన్నది. బియ్యం నానిపోయాయని రెండో మాట వినలేదు.

స్విచ్ వేసింది. మోటరు కదలలేదు. వేడెక్కిందేమోనని వేళ్ళు తగిలించింది. అంతే, వెనక్కి పోయి చేట మీద కూర్చుంది. చేట రెండైంది. నేను పోయి మెయిన్ తీసేశాను. ఆమెకు ఏమీ కాలేదు గాని, ఆ మోటరును దిష్టి బొమ్మలాగా దూరం నుంచే చూస్తూ ఉండిపోయింది.

టిఫిన్ విరామంలో అళగిరిసామి వచ్చాడు. మోటరు దగ్గర కూర్చొని చూసి, పసుపు తీగను వేలితో చూపాడు.

"ఈ మంజళ్ తీగను ఒంటికి కట్టింది ఎవరక్కా?"

"నేనే. నువ్వు చెప్పినట్లే. పచ్చది."

"ఇది పచ్చనా? పచ్చ అంటే ఇదో, ఈ ఆకు రంగుది."

రక్కమ్మాళ్ మెడలోంచి తాళితాడు పైకి తీసింది.

"ఇది ఏ రంగురా?"

"మంజళ్."

"అది అరవంలో. మన ఇంట్లో అమ్మ ఏమనేది? పచ్చ తాడు అనలేదా?"

అతను వంటింట్లోకి పోయి ఒక మిరపకాయ తెచ్చాడు.

"పచ్చిమిరపకాయ. ఇదేమి, పసుపుగా ఉండాదా?"

"అది పచ్చిదిరా. పండలేదు. ఇంత కరెంటు నేర్చినావు, మిరపకాయ తెలీదా?"

అక్క మొగుణ్ణి గనుక నన్ను మామా అంటాడు. తీర్పు నన్ను అడిగాడు.

"మామా, నువ్వు చెప్పు. పచ్చ ఏది?"

"మెయిన్ తీసే ఉండాది. తీగ మార్చు," అన్నాను.

మార్చాడు. మెయిన్ వేసి, స్విచ్ వేసి, మోటరు ఒంటికి టెస్టరు ఆనించాడు. వెలగలేదు. వెంటనే స్విచ్ ఆపాడు. ఇక బియ్యం పొయ్యమన్నాడు. ఆమె కదలలేదు.

"నీ చెయ్యి పెట్టు," అన్నది.

"టెస్టరు వెలగలేదు గదా అక్కా."

"టెస్టరు నాకు తోడ పుట్టలేదు. నువ్వు పుట్టినావు."

అళగిరిసామి లేచాడు. చెప్పులు వేసుకున్నాడు. ఎండిన పీట మీద నిలిచాడు. నన్ను మెయిన్ దగ్గర నిలవమన్నాడు. నా చేత మళ్ళీ స్విచ్ వేయించి, ఇంకోసారి టెస్టరు ఆనించి చూసి, కళ్ళు మూసుకొని వేళ్ళ వెనక పక్కతో తట్టాడు. ఏమీ కాలేదు. రోలు మాత్రం గరగరమని తిరుగుతూ ఉంది. ఆ సందడిలో సంగు కూసింది అతనికి వినబడలేదు. మేస్త్రీ చేత తిట్లు తిన్నాడు.

అప్పటినుంచి మా ఇంట్లో పచ్చ వైరు అనే మాట లేదు. తాళితాడు తీగ, కరివేపాకు తీగ అంటాము.

మర్నాడు పొద్దున గేటు దగ్గర పొయ్యి వెలిగింది. కరుప్పాయి వచ్చి చూసింది. కూర్చొని ఇడ్లీ తిన్నది. తిని, పిండి కొంచెం గరుకుగా ఉందని చెప్పింది.

రక్కమ్మాళ్ ఆమె ఆకులో ఇంకొక ఇడ్లీ వేసింది.

"మిషను కొత్తది అక్కా. నీ పళ్ళు పాతవి," అన్నది.