రానిచ్చినవాళ్ళ జాబితా

కళ్ళద్దాల దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీసే ఆమెను ఆటల లోకంలో అందరూ జల్లెడక్క అంటారు. ఆన్‌లైన్ ఆటల్లో దొంగాట ఆడేవాళ్ళను పట్టి బయటికి గెంటే ఒక సాఫ్ట్‌వేర్‌ను మూడేళ్ళ కిందట తయారుచేసి, దానికి జల్లెడ అని పేరు పెట్టింది ఆవిడే మరి. దానికి జీతం లేదు, సన్మానం అంతకన్నా లేదు. అయినా రోజూ పొద్దున ఐదున్నరకు లేచి, దుకాణానికి బయల్దేరేలోపు రెండు గంటలు దానికి చాకిరీ చేయడం మాత్రం మానలేదు. జ్వరం వచ్చినప్పుడు కూడా దుప్పటి కప్పుకుని చేసింది.

ఆ చాకిరీ ఏమిటో కాస్త చెప్పుకోవాలి. ఒక్కో సర్వర్లో అరవై మంది ఒకేసారి ఆడతారు. వాళ్ళలో ఎవడో ఒకడు, గోడల వెనక నక్కినవాళ్ళను కూడా చూపించే దొంగ సాఫ్ట్‌వేర్ పెట్టుకుని తయారవుతాడు. మిగతా యాభైతొమ్మిది మందికీ ఆట మీద విరక్తి పుడుతుంది. జల్లెడ అలాంటివాణ్ణి పసిగట్టి గెంటేస్తుంది. పేరూ కారణమూ ఒక జాబితాకెక్కిస్తుంది. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. కానీ గెంటించుకున్నవాడు ‘నేనేం తప్పు చేయలేదు’ అని మొరపెట్టుకుంటే, ఆ అర్జీని మనిషే చదవాలని ఆవిడ పట్టు. చదివి, ఆట రికార్డింగు చూసి, పొరపాటని తేలితే ఆ పేరును ఇంకో జాబితాకెక్కిస్తుంది. అది రానిచ్చినవాళ్ళ జాబితా. మొదటి జాబితాలో పేరును మాత్రం చెరపదు. జరిగింది జరిగినట్టు ఉండాలి, దిద్దింది దిద్దినట్టు కనిపించాలి అంటుంది. రెండు జాబితాలూ ఎవరైనా చూసుకునేలా తెరిచే ఉంచింది. మూడేళ్ళలో రెండోదాంట్లో పదకొండు వందల నలభై పేర్లు చేరాయి. అన్నీ ఆవిడ స్వయంగా చదివి ఎక్కించినవే.

అలాంటిదాని మీదికి పోటీ వచ్చిపడింది. దాని పేరు కంచుకోట. తయారుచేసినవాణ్ణి అందరూ కోటదొర అంటున్నారు. మనిషి చురుకైనవాడు, మాటకారి, పనిమంతుడు కూడా. అందులో అబద్ధమేమీ లేదు. ఒకప్పుడు అతను ముచ్చటపడి నడుపుకున్న సర్వర్‌ను దొంగాటగాళ్ళు నెల రోజుల్లో నాశనం చేశారు. ఆ కసితో కట్టాడు కోటను. జల్లెడ ఒకణ్ణి పట్టేలోపు అతని కోట ముగ్గుర్ని పడుతుంది.

నలభై సర్వర్లు నడిపే పదకొండు మందికి ఒక సంఘం ఉంది. దానికి పెద్ద, బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన ఒకాయన. అందరికీ బాబాయే. ఇరవై సర్వర్లలో జల్లెడను, ఇరవైలో కోటను వారం పాటు నడిపించి, ఆదివారం మధ్యాహ్నం వీడియోలో కూర్చుని, ఏదో ఒకదాన్నే అన్నింటికీ ఖాయం చేద్దామని ఆయనే అన్నాడు. కోట నెగ్గితే జల్లెడకు మిగిలే సర్వర్ ఒక్కటీ ఉండదు. మూడేళ్ళ పని ఆ సాయంత్రానికే మూతపడుతుంది.

శుక్రవారం సాయంత్రం ఆస్పత్రి ల్యాబులో డ్యూటీ ముగించుకుని వచ్చిన చెల్లెలు, చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని ఆటకు కూర్చుంది. రెండు నిమిషాల్లో హెడ్‌ఫోన్స్ తీసి మంచం మీద పడేసింది.

"అక్కా, నన్ను గెంటేశారే."

"ఎవరు?"

"కోట. కారణం ఏం రాశారో చూడు. ‘నా కొత్త చెప్పుల్లో నీళ్ళు పోసింది’ అట. ఇది నీ రాతే కదా?"

జల్లెడక్క వంగి చూసింది. ఆవిడ రాతే, సందేహం లేదు. మూడేళ్ళ కిందట జల్లెడ పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి, చెల్లెలి మీద అలిగి ఉన్న రోజున, మొట్టమొదట చెల్లెలి పేరునే జాబితాకెక్కించింది. రానివ్వడం పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి రెండో జాబితాలో కూడా మొదటి పేరు చెల్లెలిదే పెట్టింది. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు చేసే వెర్రి పనులే ఇవి.

సంగతి తెలిసిపోయింది. కోటదొర ఆవిడ మొదటి జాబితాను ఉన్నదున్నట్టు ఎత్తుకుపోయి తన కోటలో పోసుకున్నాడు. రెండోదాని జోలికి పోలేదు. అంటే ఆ పదకొండు వందల నలభై మందీ ఇప్పుడు కోట ఉన్న ప్రతి సర్వర్ బయటా నిలబడి, ఏం తప్పు చేశామా అని తలలు పట్టుకుంటూ ఉంటారు.

ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. అప్పటికప్పుడే ఫోను చేసింది.

"మీరు నా జాబితా తీసుకున్నారు."

"తీసుకున్నానక్కా," అన్నాడు కోటదొర, తొణక్కుండా. "మీరే తెరిచిపెట్టారు. ఎవరైనా చూసుకోవచ్చని పైన రాశారు కూడా."

"చూసుకోమన్నాను. సగం తీసుకుని సగం పారెయ్యమనలేదు. రానిచ్చినవాళ్ళ జాబితా ఏమైంది?"

"అది ఎందుకులెండి. ఒకసారి అనుమానం వచ్చినవాణ్ణి మళ్ళీ లోపలికి పిలిచి కూర్చోబెట్టడం నాకు నచ్చదు. మీ మనసు మెత్తన. ఆటకు అది పనికిరాదు."

ఫోను పెట్టేసి చాలాసేపు గదిలో అటూ ఇటూ తిరిగింది. చెల్లెలు మధ్యలో కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చింది. "సంఘంలో చెప్పెయ్యి. దొంగ జాబితాతో దొంగల్ని పడుతున్నాడని అందరూ నవ్వుతారు," అంది.

"తెరిచిపెట్టినదాన్ని తీసుకోవడం దొంగతనం ఎలా అవుతుందే? అతనన్నది నిజమే," అంది జల్లెడక్క. "నేను అడగాల్సింది వాళ్ళ గురించి. ఆ పదకొండు వందల నలభై మంది గురించి. ఆదివారం తాడోపేడో తేల్చుకుంటాను."

శనివారం దుకాణంలో అద్దాలు అరగదీస్తున్నా చెయ్యే పని చేసింది, మనసు మాత్రం ఆ జాబితా మీదే ఉంది. యంత్రం మీద నీళ్ళు చిమ్ముతుంటే, ఒక్కో పేరూ ఒక్కో అర్జీగా గుర్తొచ్చింది. ఒకే ఇంట్లో ఒకే కంప్యూటరు మీద ఆడుకునే తండ్రీకూతుళ్ళు. కూతురు గురి చూసి కొడుతుంది, తండ్రి గోడకు గుద్దుకుంటాడు. ఒకే మనిషి దొంగ సాఫ్ట్‌వేర్ పెట్టి, తీసి ఆడుతున్నాడనుకుని జల్లెడ వాళ్ళను గెంటేసింది. ఇంకొకతను తన చెయ్యి వణుకుతుందని, అందుకే తుపాకి గురి అలా ఎగిరెగిరి పడుతుందని, ఈ ఆట తప్ప స్నేహితులను కలిసే చోటు తనకు లేదని రాశాడు. ఆ ఉత్తరాన్ని చెల్లెలికి చదివి వినిపించినప్పుడు ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారు.

ఆదివారం మధ్యాహ్నం తెర మీద పదమూడు ముఖాలు కనిపించాయి. బాబాయి ముందు లెక్క చదివాడు. వారంలో జల్లెడ గెంటింది రెండు వందల పన్నెండు మందిని. కోట గెంటింది ఆరు వందల నలభై మందిని. యజమానులు మెచ్చుకోలుగా తలలు ఊపారు.

తన వంతు రాగానే ఆవిడ సంగతంతా చెప్పింది. ఆ ఆరు వందల నలభైలో చాలామంది తాను చూసి, విచారించి, లోపలికి రానిచ్చినవాళ్ళేనని చెప్పింది. ఎక్కడా గొంతు పెంచలేదు.

కోటదొర చిన్నగా నవ్వాడు. "రానిచ్చారు సరే. మీ విచారణ ఎంత గొప్పదో ఒకసారి చూద్దామా? ఈ ఆటగాణ్ణి గుర్తుపట్టండి."

తెర మీద ఒక రికార్డింగు వేశాడు. జల్లెడక్క పేరు చూడగానే పోల్చుకుంది. వణికే చెయ్యి అని రాసిన మనిషే అది. రికార్డింగులో వాడి తుపాకి గురి గోడ వెనక పరిగెడుతున్న మనిషిని గీత గీసినట్టు వెంటాడుతోంది. ఎక్కడా వణుకు లేదు. ఎదుటివాడు గోడ దాటి బయటికి అడుగు పెట్టకముందే తుపాకి పేలింది.

"ఎనిమిది నెలలుగా మీ జల్లెడ నీడలో హాయిగా ఆడుకుంటున్నాడు," అన్నాడు కోటదొర. "ఎందుకంటే మీరు ఉత్తరం చదివి కరిగిపోయారు."

ఆవిడ ముఖం ఎర్రబడింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. కెమెరా ఆపేసి లేచిపోవాలనిపించింది కూడా. పక్క గదిలోంచి చెల్లెలు తొంగి చూసి, తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"ఇంకోసారి వెయ్యండి," అంది చివరికి.

అతను మళ్ళీ వేశాడు. ఆవిడ ముక్కు తెరకు ఆనేంత దగ్గరగా జరిగి, మొదటి నుంచి చివరిదాకా చూసింది.

"మీరు చెప్పింది నిజం," అంది. "వీడు దొంగాటే ఆడుతున్నాడు. నన్ను మోసం చేశాడు, నేను మోసపోయాను. ఒక్క నిమిషం ఆగండి."

అందరూ చూస్తుండగా తన తెరను వాళ్ళకు చూపిస్తూ రానిచ్చినవాళ్ళ జాబితా తెరిచింది. వాడి పేరు దగ్గర ఆగింది. పక్కన ఇలా రాసింది: ‘నేను తప్పుగా రానిచ్చాను. ఈ రోజు రికార్డింగు చూసి మళ్ళీ బయటికి పంపుతున్నాను. చూపించినది కంచుకోట తయారుచేసినవారు.’ మీట నొక్కింది. జల్లెడ నడిచే ఇరవై సర్వర్లలోనూ ఆ పేరు అప్పుడే బయటికి పోయింది. నిమిషం కూడా పట్టలేదు.

"నా తప్పే," అంది మళ్ళీ. "ఇంకా ఉంటే చూపించండి. ఇప్పుడే కూర్చుంటాను."

కోటదొర యజమానుల వైపు తిరిగి, "చూశారుగా, ఒప్పుకున్నారు," అన్నాడు.

"చూశాం బాబూ," అన్నాడు బాబాయి. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "సరే, ఇప్పుడు నువ్వు ఒకటి చేసి చూపించు. నా సర్వర్లో లెక్కల టీచరు ఒకావిడ ఉంది. నాలుగేళ్ళుగా నా పక్కనే కూర్చున్నట్టు ఆడుతుంది, ఆవిడ దొంగాట ఆడదని నేను పూచీ పడతాను. బుధవారం నుంచి నీ కోట ఆవిడను లోపలికి రానివ్వడం లేదు. ఆవిడ పేరు చెబుతాను, లోపలికి పంపు."

"తప్పకుండా బాబాయ్. రాసుకుంటాను."

"రాసుకోవడం కాదయ్యా. ఇప్పుడు పంపు. జల్లెడ అమ్మాయి చేసినట్టే, మా కళ్ళముందు."

కోటదొర కీబోర్డు మీద చేతులు పెట్టాడు. పెట్టినవాడు పెట్టినట్టే ఉండిపోయాడు.

"అది అలా కుదరదు బాబాయ్. కోటలో జాబితాకు పేర్లు చేరడమే ఉంటుంది. వేగం కోసం అలా కట్టాను. ఒక పేరు తీయాలంటే జాబితా అంతా మళ్ళీ తయారుచేసి, సర్వర్లన్నీ ఆపి, ఒక్కోదానికీ కొత్తగా పంపాలి. గురువారానికల్లా చేస్తాను."

"అంటే బయటికి పంపినవాణ్ణి మళ్ళీ లోపలికి తెచ్చే ఏర్పాటు లేదా?"

"ఆ అవసరం ఎప్పుడూ రాలేదు," అన్నాడు కోటదొర. అంటూండగానే ఆ మాట తన చెవికే ఎలాగో వినిపించినట్టుంది, తల దించుకున్నాడు.

బాబాయి ఏది కావాలో చేతులెత్తమన్నాడు. పదకొండులో తొమ్మిది చేతులు జల్లెడకు లేచాయి. కోటదొర అందరికీ నమస్కారం పెట్టి, టీచరుగారికి తన తరఫున క్షమాపణ చెప్పమని బాబాయిని అడిగి వెళ్ళిపోయాడు.

తెర ఆపాక కూడా జల్లెడక్క కుర్చీలోంచి లేవలేదు. చెల్లెలు వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"గెలిచావు కదే. ఏంటా ముఖం?"

"వాడి ఉత్తరానికి ఏడ్చానే నేను," అంది జల్లెడక్క. ఈసారి వచ్చిన కన్నీళ్ళు కోపంతోనే వచ్చాయి. "చెయ్యి వణుకుతుందంటే ఏడ్చాను. వాడు అది చూసి ఎంత నవ్వుకుని ఉంటాడో."

"పోనీలే. రేపటికి అర్జీలు ఎన్ని ఉన్నాయి?"

"పద్నాలుగు."

"ఇక మీదట ఒక్కణ్ణి కూడా నమ్మకు."

జల్లెడక్క చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. "నమ్మకుండా చదవాలంటే నేనెందుకే, కోట ఉందిగా," అంది. లేచి ఫోనులో ఐదున్నరకు ఉన్న అలారాన్ని ఐదుకు మార్చింది. ఇక నుంచి ప్రతి రికార్డింగునూ రెండుసార్లు చూడాలి.