నూట ముప్పై ఒకటో బిళ్ళ

"కూసోని చేసే కొలువే గదా, అలసుడేంది?" అని పొద్దున అత్త సారవ్వ అన్న మాట, గనిలో దిగేవాళ్ళకు దీపాలిచ్చే ల్యాంపురూములో కంప్యూటరు ముందు కూర్చున్నాక కూడా జమునను వదల్లేదు. ఇంట్లో ఎవరూ లేవకముందే టిఫిను, మధ్యాహ్నానికి కూర, అత్తకు జొన్నరొట్టెలు చేసి మరీ వచ్చింది. అలసిపోవడానికి అది చాలదు కాబోలు.

ఆదివారం, గనికి సెలవు. మూడింటికి గని లోపలికి గాలి పంపే ఫ్యాను ఆపి రిపేరు చేస్తారు. లోపల ఎవరూ లేరని తెరమీద సున్నా కనబడితేనే ఆపాలి. పొద్దుటి నుంచీ సున్నాయే ఉంది. ఈలోపు ఆ లెక్క చూపే పాత ప్రోగ్రామును, సీ భాషలో రాసినదాన్ని, తేలికగా నడిచేలా చెయ్యడం జమున పని. "నంబర్ల రకాలు మార్చుడే గదా" అని పెద్దసారు అప్పగించిపోయాడు.

గనిలోకి దిగేవాళ్ళు నంబరున్న ఇత్తడి బిళ్ళ తీసుకుంటారు, పైకొచ్చి ఇచ్చేస్తారు; రెండూ ప్రోగ్రాములో ఎక్కుతాయి. ఆ నంబరుకు ఎప్పుడో ఎవరో ఒక్క బైటు జాగా ఇచ్చారు, మైనస్‌లు కూడా పట్టే రకం. అందులో నూట ఇరవై ఏడు దాటితే నంబరు మైనస్‌లోకి తిరుగుతుంది. మైనస్ వస్తే తప్పుడు బిళ్ళగా ఎంచి లెక్కలోంచి తీసెయ్యమని కింద ఇంకో వరుస. మగవాళ్ళ బిళ్ళలు సరిగ్గా నూట ఇరవై ఏడు. ఆడవాళ్ళు దిగడం మొదలయ్యాక వాళ్ళకు ఆ పై నంబర్లిచ్చారు. బోర్డుమీద కొక్కేలు చాలక వాళ్ళవి బిస్కెట్ డబ్బాలో వేస్తారు.

జమున ఆ రెండు వరుసలూ మళ్ళీ చదివింది. మైనస్‌లు లేని, రెండు వందల యాభై ఐదు దాకా పట్టే రకం పెట్టి, ఆ వరుస కొట్టేసి, ప్రోగ్రాం మళ్ళీ నడిపింది. సున్నా పోయి రెండు వచ్చింది.

"కాకా, ఫ్యాను ఆపొద్దని చెప్పు! లోపల మనుషులున్నరు!"

"ఎవలు లేరు బిడ్డా, నేనొచ్చిన కాడి సంది సున్నానే," అంటూనే ల్యాంపురూములో బిళ్ళలిచ్చే ఆగయ్య ఫ్యాను వాళ్ళకు ఆగమని చెప్పి, గని లోపలి ఫోను కలిపాడు. అది లోపలెక్కడో చాలాసేపు మోగింది. చివరికి ఓ ఆడగొంతు పలికింది.

"నేను, మమతను. నీళ్ళు తోడే పంపు కాడున్న. ఏమైంది కాకా?"

"ముందుగాల పైకి రా బిడ్డా," అన్నాడు ఆగయ్య. అరగంటకు మమత పైకొచ్చి బిళ్ళ ఇచ్చింది. తెరమీద రెండు ఒకటయింది. అక్కడే ఆగింది.

గనిలో ఇంకెవరూ లేరంది మమత. జమున ఆ ఒకటి మీద నొక్కింది. బిళ్ళ నూట ముప్పై ఒకటి. దిగింది మంగళవారం. పైకి రాలేదు. పేరు జమున.

ఆ మంగళవారం గని లోపలి కంప్యూటరు మిషను బాగుచేసి పైకి రాగానే భర్త ఉపేందర్ ఫోను చేశాడు. "పాపకు జరం, జల్ది రా. దవాఖానకు పోవుడు నాకెట్ల కుదురుతది?" ఆమె బిళ్ళ ఇవ్వకుండానే పరిగెత్తింది. ఇప్పుడు బ్యాగులో చెయ్యి పెడితే, పాప జ్వరం మందు సీసా కింద బిళ్ళ చల్లగా తగిలింది. మగవాడి బిళ్ళ ఒక్క గంట ఆలస్యమైతే గనంతా గాలిస్తారు. లెక్క ప్రకారం ఐదు రోజులుగా ఈమె లోపలే ఉంది. ఎవరూ వెతకలేదు. జమునకు కోపం వచ్చింది.

"ఆ బిళ్ళ ఇటియ్యి బిడ్డా, సున్నా చేస్త. సార్లకు తెలిస్తే లొల్లయితది."

"ఉండనియ్ కాకా. సార్లే వచ్చి సూడాలె."

బిళ్ళను పిడికిట్లో పెట్టుకొని కూర్చుంది. ఫోను మోగింది. ఉపేందర్.

"యాడున్నవ్? అవ్వ చాయ్ అడుగుతాంది."

జమున తెరమీద తన పేరు చూస్తూ చెప్పింది.

"గనిలున్న. మంగళారం సంది."