సగం ఊపిరి

"పప్పు లేవట్లేదు రెబ్కా. మళ్ళీ పీల్చు" అంది క్రిస్టీనా టీచరు.

చాప మీద వెల్లకిలా పడుకున్న రెబ్కా పొట్ట మీద కందిపప్పు పొట్లం ఉంది. ఊపిరి లోపలికి పోతే ఆ పొట్లం లేవాలి. కానీ లేచేది ఆమె భుజాలే. ఆదివారం పొద్దున ఆరాధనకు ముందు ఇదీ పాఠం. పాట ఊసే లేదు.

పాట నేర్పమని వెళ్తే పడుకోబెడుతుందేమిటని ఊళ్ళో చాలామంది నవ్వుకున్నారు. టీచరు నొచ్చుకోలేదు. డెబ్బై దాటిన బక్క మనిషి, ముక్కు మీదికి జారే కళ్ళజోడు, మడమల దగ్గర వాచిన కాళ్ళు. ఏనాడూ స్టేజీ ఎక్కి పాడింది లేదు, పేపర్లో పేరు పడిందీ లేదు. కానీ ఆ చుట్టుపక్కల గొంతులకున్న జబ్బేమిటో ఆమెకు తెలుసు. అక్కడి పిల్లలు కళ్ళాల్లో ఎండుమిర్చి మధ్యే పెరుగుతారు. ఘాటుకు జడిసి పైపైన సగం ఊపిరి తీసుకోవడం అప్పుడే అలవాటవుతుంది. పెద్దయ్యాక ఆ సగం ఊపిరితోనే పాటకు దిగి, అది చాలక గొంతు చించుకుంటారు. ఈ ఒక్క అలవాటు మాన్పించడానికే ఆవిడ జీవితమంతా ధారపోసింది. అంత ఓపిక ఎవరికుంటుంది చెప్పండి!

రెబ్కా గుంటూరు కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలకు తొడిమలు తీస్తుంది. పోయిన క్రిస్మస్‌కు చర్చిలో ఒంటరిగా పాడబోతే, పై స్వరం దగ్గర గొంతు కీచుమంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పాట సగంలో వదిలేసి వచ్చి కూర్చుంది. ఇవాళ మళ్ళీ అదే పాట పాడాలి.

"ఇయ్యాల కూడా తప్పితే ఇంక జన్మలో పాడనండీ టీచర్‌గారూ."

"పాడకపోతే పోన్లే. ముందు ఊపిరి పీల్చు. ఇక్కడ మిరపకాయల్లేవు, భయపడమాక."

రెబ్కాకు నవ్వొచ్చింది. నవ్వు ఆగాక తనకు తెలియకుండానే నిండుగా గాలి పీల్చింది. పొట్లం మెల్లగా పైకి లేచింది.

"అదీ! అక్కణ్ణుంచి పాడాలి. అరవమాకమ్మా" అంది టీచరు. "నాకు పొద్దుట్నుంచీ గుండెల్లో బరువుగా ఉంది. నువ్వెళ్ళు, మైకులో వింటాలే."

చర్చి పక్కనే ఉన్న తన ఇంట్లో, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని టీచరు విన్నది. మొదటి చరణం గట్టెక్కింది. క్రిస్మస్‌కు బెడిసికొట్టిన చోటు దగ్గర పడుతుంటే ఆవిడ వేళ్ళు కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాయి. మైకు ఒక్క క్షణం మూగబోయింది. రెబ్కా తొందరపడకుండా, కావలసినంత ఊపిరి తీసుకుంటోంది. తర్వాత గొంతు హాయిగా పైకి వెళ్ళి, అక్కడే నిలిచి, అంతే హాయిగా దిగింది. టీచరు కళ్ళు తుడుచుకుంది. ఇంత మంచి ఆదివారం ఆవిడ ఎరగదు. గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, కాసేపటికి వచ్చి మళ్ళీ కుర్చీలో వాలింది.

ఆరాధన ముగియగానే రెబ్కా పరుగెత్తుకొచ్చింది.

"విన్నారా టీచర్‌గారూ? ఒక్కళ్ళూ నవ్వలేదండీ!"

టీచరు తల కిటికీ వైపు వాలి ఉంది. నిద్రపోతోందనుకుని రెబ్కా నేల మీద కూర్చుని, పాస్టరు గారేమన్నారో, అమ్మ ఎంత ఏడ్చిందో పూసగుచ్చినట్టు చెప్పింది. అప్పుడు ఆవిడ పమిట వంక చూసింది. చాలాసేపు చూసింది. అది కదల్లేదు.

కుర్చీ పక్క స్టూలు మీద, పాడి వచ్చే గొంతు కోసం కలిపిన సొంఠి కాఫీ, మూతపెట్టిన గ్లాసులో ఇంకా వేడిగానే ఉంది.