తెల్ల పలక మీద వేలిముద్ర

…ఒక్క వేలిముద్రకే కొంప మునుగుతుందా? మునుగుతుందని ఆ పెయింటరుకు తెలుసు. గాలిలేని చోట ఉపగ్రహం లోపలి వేడంతా ఈ తెల్ల పలక మీదుగానే బయటికి పోవాలి. చేతి జిడ్డు అంటిన చోట పూత ఎండకు నల్లబడి, వేడిని వదలాల్సింది పోయి పీల్చుకుంటుంది. కార్లకు రంగులేసిన రోజుల అలవాటు కొద్దీ, ఆరిందో లేదోనని నిన్న చేతి తొడుగు తీసి తాకేసింది. చెబితే ఉద్యోగం ఊడుతుందేమోనని అప్పటినుంచీ లోలోపలే ఉడికిపోతోంది.

"ఏంటమ్మాయ్, మొహం అలా మాడ్చుకున్నావ్? పలక వెళ్ళిపోతోందని బెంగా?" అంటూ మేస్త్రీ పలకను సర్ది పంపే పెట్టె మూత ఎత్తాడు.

ఇప్పుడైతే గీకి మళ్ళీ పూయడానికి ఒక్క పూట చాలు. పైకెళ్ళాక ఎవరి చెయ్యీ అందదు.

"ఆగండి బాబాయ్. మరక పడింది," అని ఆమె తొడుగు లాగేసి, తన చూపుడువేలు పైకెత్తి చూపించింది.